అంబాసిడర్‌లో బల్లి

"ఒరే పైడిరాజూ, నా కారుకి పెట్టె పెట్టమన్నానా, బల్లిని పెట్టమన్నానా?"

నౌపడ ఉప్పు వ్యాపారి నగరేశ్వరరావు పట్టుపంచెలో మండిపోతున్నాడు. కూతురు బుజ్జమ్మ సంబంధం ఖాయం చేసుకోవడానికి విజయనగరం బయలుదేరితే, అంబాసిడర్ గేటు దాటకముందే డ్యాష్‌బోర్డు కింద 'కిచకిచ'మంది. దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ ఎక్కాడు. గేటు దగ్గర మళ్లీ కిచకిచ. మళ్లీ దిగి, పెట్టె పెట్టినవాడికి కబురంపాడు.

మేనల్లుడు పైడిరాజు టెక్కలిలో రేడియోలు బాగుచేస్తాడు. డ్రైవరు గంగులు పెట్రోలు అమ్ముకుంటున్నాడని మావ అనుమానపడితే, ట్యాంకులో తేలే ఫ్లోటు నుంచి మీటరుకి వచ్చే తీగకి ఇంకో తీగ కలిపి, రెండు ట్రాన్సిస్టర్లతో పెట్టె కట్టాడు. పెట్రోలు తగ్గితే అరుస్తుంది.

"ట్యాంకు నిండా ఉన్నాది కదా మావా. శకునం బల్లికి గాని పెట్టెకేటి?"

"పలికింది పలికిందే. బాగుసెయ్యి. నాను మూడోసారి దిగను."

పైడిరాజు డ్యాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరాడు. తన తీగ మీటరు దగ్గర లేదు. బ్రేకు లైటు తీగకి చుట్టి ఉంది. గంగులు బ్రేకు తొక్కినప్పుడల్లా అరవక ఏం చేస్తుంది?

పక్కనుంచి టార్చి వెలిగింది. పట్టుకున్నది బుజ్జమ్మ. మొన్న బిగించేటప్పుడూ ఆమే పట్టుకుంది, ఏ తీగ ఎక్కడికని ప్రాణం తోడేస్తూ.

"ఎవులు మార్సినారే?" గుసగుసగా అడిగాడు.

"నానే బావా."

"ఎందుకే?"

"నీకు నోరు నేదు. దానికైనా ఉంటాదని."

"మీ నాన్నే పిలిసి పిల్లనిస్తాననాలంటాది మా అమ్మ."

"అక్కే వచ్చి అడగాలంటాడు మా నాన్న. మీ మర్యాదలు అయ్యేసరికి నాను ఇజీనారంలో కాపురం సేస్తుంటాను. తీగ మార్సీ, నాన్న ఎల్లిపోతాడు."

తీగ మారిస్తే కారు వెళ్లిపోతుంది. దాని వెనకే బుజ్జమ్మా వెళ్లిపోతుంది. పైడిరాజు స్క్రూడ్రైవరు జేబులో దోపుకుని బయటికొచ్చాడు.

"బాగయిందేటి?"

"నేదు మావా. బాగుసెయ్యను. నువ్వెల్తే బుజ్జమ్మని వాళ్లకిచ్చేస్తావు. నాకియ్యి."

గంగులు నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు.

"మా అక్క పంపిందా?"

"అమ్మకి తెలిస్తే సంపేస్తాది. నానే అడుగుతన్నాను."

నగరేశ్వరరావు మేనల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఈ ముక్క అడగడానికి నా కారు పాడవ్వాలేటిరా? నా పిల్ల మీకు నచ్చనేదనుకుని ఏడాదిగా ఊళ్లు తిరుగుతన్నాను."

తండ్రీ, గంగులూ చూస్తుండగానే బుజ్జమ్మ ఓణీ కొంగుతో పైడిరాజు చెంప మీది గ్రీజు తుడిచింది. నగరేశ్వరరావు గబుక్కున అటు తిరిగి, ఎప్పుడూ చూడనివాడిలా గేటు అవతలి తన ఉప్పుకుప్పల్నే చూస్తూ నిలబడ్డాడు.