ఎడమ పక్క కుర్చీ

మీ ఇంట్లో ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి ఉందా? ఉంటే, అది ఖాళీగా ఉందని మీకెవరు చెప్పారు?

మాస్టరమ్మ ఇంట్లో అలాంటిదొకటి ఉండేది. బట్టలు కత్తిరించి కుట్టడం ఆమె పని, అందుకే వీధంతా మాస్టరమ్మ అని పిలిచేది. కొన్నేళ్ల కిందట ఒక జ్వరంలో ఎడమ చెవి పోయింది. బొత్తిగా పోయింది. అప్పట్నుంచి ఎవరూ ఆమెకి ఎడమ పక్కన కూర్చోరు. కూర్చుని ఏం లాభం, గోడతో మాట్లాడినట్టే. కుట్టుమిషన్ పక్కన స్టూలు, బస్సులో సీటు, భోజనాల బల్ల దగ్గర కుర్చీ, అన్నీ అలా వదిలేశారు. ప్రేమతోనే లెండి.

ఆ ప్రేమ ఆమెకి గొంతులో ముల్లులా ఉండేది. ఒకరోజు హారన్ ఎటు నుంచి వస్తోందో తెలియక రోడ్డు మధ్యలో కొయ్యబారిపోయింది. ఆ రోజే తేల్చేసుకుంది. ఆపరేషన్. చర్మం కింద చిన్న పరికరం, చెవి లోపలికి తీగ, బయట అయస్కాంతంతో తలకి అతుక్కునే బిళ్ల.

"ఒక చెవి ఉందిగా, చాలదటే?" అంది తల్లి.

"కత్తెరకి ఒక పక్క చాలుతుందా అమ్మా?"

బిళ్ల బిగించిన ఆడియాలజిస్టు ముందే చెప్పింది. "మొదట్లో అందరి గొంతులూ రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటాయి. విసుగొచ్చి తీసి పక్కన పెట్టారో, మెదడు నేర్చుకోదు. ఆ చెవి మళ్లీ పోయినట్టే. రోజూ మంచి చెవి మూసుకుని సాధన చెయ్యండి."

ఆ సాయంత్రం వాన. ఆరని బట్టల ముక్కిన వాసన ఇల్లంతా. ఓ మూల తల్లి వాటిని మడతపెడుతోంది. మాస్టరమ్మ కుడి చెవి మూసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది, ఎడమ పక్క కుర్చీ ఎప్పట్లాగే ఖాళీ. పెదాలు కనబడకుండా పేపరు అడ్డం పెట్టుకుని ఎదురుగా తమ్ముడు. అతను చదివిన మాట ఆమె తిరిగి చెప్పాలి.

"వంతెన."

"వంతెన."

"గొడుగు."

"గొడుగు... తీసెయ్."

పేపరు కిందికి దిగింది. "అక్కా, నేను ఆ మాట అనలేదు."

"వేషాలెయ్యకు. చదువు."

అతను నోరు విప్పలేదు. ఆమె మాత్రం చెప్పుకుపోతోంది, వినబడింది వినబడినట్టు. "తీసెయ్... ఇన్నేళ్లూ బాగానే ఉన్నాంగా... మనిద్దరం."

తమ్ముడి మొహం పాలిపోయింది. "ఆ మిషన్లో ఏదో తేడా ఉందక్కా. తీసెయ్, రేపు చూపిద్దాం."

"అవతల పారెయ్యవే దాన్ని," అంది తల్లి.

మిషన్ తేడా కాదు. తమ్ముడి గొంతు రేకు. అమ్మ గొంతు రేకు. వాన కూడా రేకే. ఇదొక్కటే... తడిగా, ఊపిరితో, మనిషి గొంతు. ఒక్క చెవికి దిక్కు తెలియదు, ఆ సంగతి ఆమెకన్నా ఎవరికి తెలుసు? అయినా తెలుస్తోంది. ఎడమ నుంచి. చెవి తమ్మెకి ఆనుకుని.

చెయ్యి బిళ్ల మీదికి వెళ్లింది. లాగితే చాలు. అంతా నిశ్శబ్దం.

అది అడుగుతున్నదీ అదే.

చెయ్యి దించేసింది. ఎడమకి తిరిగింది.

"తియ్యను. ఇన్నేళ్లూ అడక్కుండా కూర్చున్నావు. ఈ చెవి నాది. ఈ పక్క నాది. లే."

ఎవరూ కదల్లేదు. వాన పడుతూనే ఉంది...

ఎడమ పక్క కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్నాయి. మెల్లగా, వెనక్కి. ఈసారి ముగ్గురూ విన్నారు.

తమ్ముడు కుర్చీ మెత్త మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. "వెచ్చగా ఉందక్కా," అన్నాడు గుసగుసగా.

"ఉండనీ," అంది ఆమె. లేచి వెళ్లి అందులోనే కూర్చుంది.

ఆ గొంతు మళ్లీ రాలేదు. బిళ్ల ఆమె తియ్యలేదు. రేకు గొంతులు ఒక్కొక్కటే మనుషుల గొంతులయ్యాయి. హారన్ ఎటు నుంచో ఇప్పుడు తెలుస్తుంది.

నిన్న పొద్దున తల్లి స్టవ్వు దగ్గర నిలబడి తల అటూ ఇటూ తిప్పింది. "ఏంటోనే, ఈ ఎడమ పక్క సరిగ్గా వినబడట్లేదు."

మాస్టరమ్మ కుర్చీ ఈడ్చుకొచ్చి తల్లికి ఎడమ పక్కన వేసింది. కూర్చోబోతూ, ముందు మెత్త మీద చెయ్యి పెట్టి చూసింది.

మీరూ లేవండి. మీ ఇంట్లో ఆ కుర్చీ దగ్గరికి వెళ్లండి, ఇప్పుడే. చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే బెదరొద్దు, లెమ్మని చెప్పండి. లేచాక ఎవరి పక్కకి వెళ్తోందో మాత్రం... జాగ్రత్తగా వినండి.