ఒక మంచానికి ఒక పేరు

అన్యాయం జరిగింది చెల్లెలికి. జరిగింది పోయినేడు మార్చి తొమ్మిదిన, తెల్లవారి ఐదున్నరకి. చేసింది లాడ్జి గుమాస్తా అని ఏడాది పొడుగునా అక్క చెబుతూ వచ్చింది. చెప్పగా చెప్పగా ఊళ్ళోవాళ్ళు నమ్మారు, వకీలు నమ్మాడు, చివరికి తనే సగం నమ్మింది.

అక్కది దర్జీ కొట్లో కాజాలు కుట్టే పని. కాజాకింత అని కూలి తీసుకునే మనిషికి లెక్క బాగా తెలుస్తుంది. మహానగరానికి బయల్దేరాలంటే సంచీ సర్దేముందు ఆమె లెక్క సర్దుకునేది. ఈసారి పని పదకొండో తారీఖు పదింటికి, విచారణ ఆఫీసులో. ఆఫీసు ఎదురుగానే లాడ్జిలున్నాయి గానీ అక్కడ ఒక్క రాత్రికి పోసే డబ్బుతో ఊరి చివర మూడు రాత్రులు పడుకోవచ్చు. మెట్రో రైలు గబగబా చేరుస్తుంది గానీ దిగి, మళ్ళీ బస్సెక్కాలి, దానికి వేరే టిక్కెట్టు. పద్నాలుగో నెంబరు బస్సు నత్తకి మేనమామ, అయినా ఒకే టిక్కెట్టుతో సరి. అది బయల్దేరే చోటే గది తీసుకుంటే ఖాళీ బస్సెక్కి కిటికీ పక్కన దర్జాగా కూర్చోవచ్చు. మధ్యలో ఎక్కేవాళ్ళు గబ్బిలాల్లా వేలాడితే వేలాడనీ.

పోయినేడూ ఇదే తెలివి. ఆ తెలివే కొంప ముంచింది. అయినా మళ్ళీ ఆ బస్సే, ఆ చివరే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అనలేదు.

ఒక్కటి మాత్రం మార్చింది. పాత లాడ్జి ఉన్న వీధి తొక్కకుండా, రెండు వీధుల ఇవతల ఇంకోటి చూసుకుంది. తొమ్మిదో తారీఖు నిన్ననే వెళ్ళిపోయింది, ఏడాది నిండింది, గండం గడిచిందనుకుంది.

లాడ్జి ఆవిడ భారీ మనిషి. కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఎంతమంది అని అడిగింది. ఒక్కదాన్నే అంది అక్క. లాడ్జి ఆవిడ నవ్వి, అందరూ ఒక్కరమనే చెబుతారమ్మా, పొద్దున్నే నీళ్ళగది ముందు ఇద్దరై తేలతారు, అంది. అని తాళం చేతిలో పెట్టింది.

రెండో అంతస్తులో చివరి గది. ఒక ఇనప మంచం, ఒక కుర్చీ, బస్సులు నిలిపే ఖాళీ జాగా వైపు ఒక కిటికీ. ఫినాయిలు వాసన, దాని కింద తడిగోడల వాసన, అన్నిటికీ అడుగున డీజిల్ వాసన. అక్క దీపం ఆర్పి గోడ వైపు ఒత్తిగిలి పడుకుంది. పడుకున్నాక గానీ తెలియలేదు, సగం మంచం వదిలేసి పడుకున్నానని.

*

చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు. మెలకువగా ఉన్నంతసేపూ కిచకిచ, నిద్రలో కూడా ఎవరితోనో తగువు. బస్టాండు మైకులో బస్సుల వేళలు చదివే ఉద్యోగం పడిందనీ, గొంతు పరీక్షకి రమ్మన్నారనీ కబురొస్తే ఇల్లంతా గిరగిరా తిరిగింది. మాట్లాడితే జీతమిస్తారట అక్కా, ఇన్నాళ్ళూ ఊరికే మాట్లాడి ఎంత నష్టపోయామో చూడు, అంది.

పోయినేడు ఇద్దరూ దిగిన పాత లాడ్జిలో ఒక మంచానికి ఒక పేరు. పేరు రాయించకుండా రెండో మనిషి దొరికితే మూడింతలు కట్టాలి. అక్క తన పేరు ఒక్కటే రాయించింది. చెల్లెల్ని వెనక మెట్లెమ్మట పైకి తెచ్చింది. ఇరుకు మంచం మీద ఒకరి తల దగ్గర ఒకరి కాళ్ళు పెట్టుకుని పడుకున్నారు. పిచ్చుక పాదాలు అక్క చెంపకి ఆనుకుని ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఊరుకోలేదు, అక్క ముక్కు పట్టుకోవాలని చూశాయి.

పొద్దున ఆరులోపు కొంటే రోజు పాసు సగం ధరకి ఇస్తారు. అక్క ఐదింటికే లేచింది. లోపల గడియ వేసుకోమంది. ఎవరు తలుపు తట్టినా పలకొద్దంది. ఏదైనా గొడవైతే వెనక మెట్లు దిగి బస్సుల దగ్గరికి వచ్చెయ్యమంది. నీళ్ళగదికి కూడా వెళ్ళకూడదా అని పిచ్చుక గునిసింది.

“గంటసేపు నోరు మూసుకుంటే చచ్చిపోవులే” అంది అక్క.

కింద పాత పరుపులు దాచిన కొట్టుగదిలో నిప్పు రాజుకుంది. మంట కొంచెమే, పొగ కొండంత. గుమాస్తా ప్రతి తలుపూ బాదాడు, పేరు పేరునా పిలిచాడు. పలికినవాళ్ళని కిందికి తోలాడు. అక్క రెండు పాసులూ గుప్పిట్లో పెట్టుకుని వచ్చేసరికి అందరూ వీధిలో నిలబడి దగ్గుతున్నారు. గుమాస్తా రిజిస్టరు పట్టుకుని తలలు లెక్కపెడుతున్నాడు. రిజిస్టర్లో పద్దెనిమిది పేర్లు, అక్కతో కలిపి వీధిలో పద్దెనిమిది మంది. లెక్క సరిపోయింది.

సరిపోయినా అడిగాడు, పాపం. మీ గదిలో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా, అని.

వెనక మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది. పిచ్చుక ఎగిరిపోయిందనుకుంది అక్క. మూడింతల అద్దె కళ్ళముందు ఆడింది. “ఒక్కదాన్నే” అంది.

బస్సుల దగ్గరికి పరిగెత్తింది. అక్కడ లేదు. భయపడి ఏ బస్సో ఎక్కేసిందనుకుని పద్నాలుగో నెంబరెక్కి ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి పొద్దుగూకేదాకా తిరిగింది. ప్రతి స్టాపులో తల బయటపెట్టి చూసింది. లాడ్జికి తాళం వేసి కాపలావాణ్ణి పెట్టారు, లోపలికి ఎవర్నీ పోనివ్వలేదు. పోలీసులకి బస్టాండులో తప్పిపోయిందని చెప్పింది. అబద్ధం ఒంటరిగా నిలబడలేదు, పక్కన ఇంకోటి ఆసరా కావాలి. పదో తారీఖు కూడా అలాగే వెతికింది.

పదకొండో తారీఖు సాయంత్రం సున్నాలు వెయ్యడానికి గదులు తెరిస్తే, ఒక గదికి లోపల గడియ వేసి ఉంది.

అది మొదలు అక్క ఒక్క కాగితమూ చదవలేదు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టింది, అంతే. ఇద్దరి అద్దే కట్టానని, గుమాస్తా ఒకరిది జేబులో వేసుకుని ఒక్క పేరే రాశాడని చెప్పింది. రేపు ఆ మాటే ప్రమాణం చేసి చెబితే గుమాస్తా జైలుకి, పరిహారం ఇంటికి.

*

నిద్ర పట్టిందో లేదో తెలియదు. చెంపకి వెచ్చగా ఏదో ఆనింది.

పాదం.

అక్క కళ్ళు తెరవలేదు. ఊపిరి కూడా లెక్కపెట్టుకుని తీసింది. చిన్న పాదం... మడమ దగ్గర పగులు... వేళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి. ముక్కు కోసం వెతుకుతున్నాయి.

మసి వాసన వచ్చింది. కాలిన దూది వాసన. అది గదిలోంచి కాదు, దుప్పటిలోంచి.

ఎవరో తలుపు తట్టారు.

మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడుసార్లు. తొందరేమీ లేదు ఆ తట్టడంలో. లోపల ఎవరూ లేరని తెలిసి, ఎందుకైనా మంచిదని తట్టినట్టుంది.

వేళ్ళు బిగుసుకున్నాయి. కాళ్ళవైపు నుంచి గుసగుస వినబడింది. గొంతు కాదది... బొంగురుగా, గరగరా, ఇసక మీద కాగితం లాగినట్టు.

“అక్కా... పొద్దున కూడా తట్టారు. నిన్న కూడా. నేను పలకలేదు.”

నిన్నా? నిప్పంటుకున్నది ఒక్క పొద్దునే కదా. గుమాస్తా తట్టింది ఒక్కసారే కదా.

మళ్ళీ తట్టారు. మూడు.

“దాహమేస్తోంది అక్కా... ఇప్పుడు పలకనా?”

పలుకు, అనాలి అక్క. మూడక్షరాలు. పలుకు తల్లీ, గొంతు చించుకుని పలుకు, అద్దె పోతే పోయింది, నీ పేరు ఇంతంత అక్షరాలతో రాయిస్తాను, పలుకు. నోరు తెరిచింది. గొంతులో దూది కుక్కినట్టుంది. గాలి లోపలికీ పోదు, బయటికీ రాదు. లేద్దామంటే ఒళ్ళు లేవలేదు. చెయ్యి సాచి ఆ పాదం పట్టుకుంది. వెచ్చగా ఉంది. అదే ఆమె గుండెని చీల్చింది. వెచ్చగా ఉంది.

“వద్దన్నావుగా... సరేలే. పలకనులే.”

బయట అడుగులు దూరమయ్యాయి. ఒక్కో మెట్టూ దిగడం వినబడింది. ఎన్ని మెట్లో అక్క లెక్కపెట్టింది. పాదం పట్టుకునే ఉంది. వేళ్ళు అప్పుడొకసారి, ఇప్పుడొకసారి కదిలాయి. తర్వాత తర్వాత ఆ కదలికల మధ్య ఎడం పెరిగింది.

కిటికీ కింద నాలుగింటి మొదటి బస్సు ఇంజను గుర్రుమంది. దాని దీపాలు గోడ మీద పాకి వెళ్ళాయి.

వేళ్ళు ఆగిపోయాయి. వేడి ముందు వేళ్ళలోంచి పోయింది, తర్వాత అరికాల్లోంచి, తర్వాత మడమలోంచి. అక్క రెండు చేతులతో రుద్దింది. నోటి ఆవిరితో కాచింది. ఇంకొకళ్ళ పాదం చల్లబడటం చేతులతో తెలుసుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పలేం.

అప్పుడొచ్చింది గొంతు.

“పలుకు” అంది అక్క. చేతుల్లో దుప్పటి తప్ప ఏమీ లేదు.

తెల్లారాక తాళం ఇవ్వడానికి కిందికి దిగితే, లాడ్జి ఆవిడ ఆమెను ఎగాదిగా చూసి, కుర్చీ జరిపి కూర్చోమంది. రాత్రి పైకి ఎవరూ రాలేదట, తలుపులు తట్టలేదట. కానీ అంతస్తులో ఉన్నవాళ్ళందరూ లేచి కూర్చున్నారట, చివరి గదిలో ఎవరో పలుకు, పలుకు అని రాత్రంతా అరుస్తున్నారని. అక్క తాళం బల్ల మీద పెట్టింది. ఖాళీ బస్సెక్కి, కిటికీ పక్క సీటు వదిలి, ఇవతలి సీట్లో కూర్చుంది.

*

విచారణ అధికారి చత్వారపు అద్దాల మనిషి, మెత్తటివాడు. ప్రమాణం చేయించి, చెప్పండమ్మా అన్నాడు.

“చెల్లెలి పేరు నేనే రాయించలేదు. పలకొద్దన్నదీ నేనే. అడిగినప్పుడు ఒక్కదాన్నే అన్నదీ నేనే. ఆ గుమాస్తా తప్పేం లేదు” అంది అక్క.

కలం ఆగింది. ఈ మాటతో పరిహారం పోతుందనీ, తప్పుడు ఫిర్యాదు కింద తిరిగి ఆమె మీదే కేసు పడొచ్చనీ ఆయన నిదానంగా వివరించాడు. రాసుకోండి, అంది. రాసుకున్నాడు. చెల్లెలి పేరు పూర్తిగా చెప్పమన్నాడు. అక్క చెప్పింది, ఒక్కో అక్షరం రాసేదాకా ఆగి చూసింది.

తర్వాత, పదో తారీఖున ఆ గదుల తలుపులు ఎవరైనా తట్టారా అని అడిగింది.

ఆయన దస్త్రం తిరగేశాడు. చాలాసేపు వెతికాడు. కాపలావాడు చెప్పిన మాట ఒకటి కనబడింది. పదో తారీఖు పొద్దునోసారి, చీకటిపడ్డాక ఇంకోసారి, ఎందుకైనా మంచిదని పైకెళ్ళి తలుపులన్నీ తట్టి చూశాడట. ఎవరూ పలకలేదట. అధికారి అద్దాలు తీసి ఆమె వంక చూశాడు. ఇది నిన్న సాయంత్రమే దస్త్రంలో చేరిందమ్మా, ఇంకా ఎవరికీ చూపించలేదు, మీకెవరు చెప్పారు, అని అడిగాడు.

అక్క దస్త్రం వైపు చెయ్యి చాపింది. డాక్టరు ఇచ్చిన కాగితం ఒకసారి ఇమ్మంది. మీరు సంతకం పెట్టిందేగా, అన్నాడాయన. పెట్టాను, చదవలేదు, అంది.

ఆయన కాగితం ఆమె వైపు తిప్పి, కింది వరస మీద వేలుంచాడు.

మరణం: మార్చి పదకొండు, తెల్లవారి నాలుగు గంటలకు.