ఎందుకైనా మంచిదని

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, నేల కింద తవ్వి కట్టిన శశిపురంలో జనం నిద్ర లేవగానే వినేది సూర్యుడి కబురు. ఇవాళ రేడియేషన్ ఎంత, తుఫాను ఉందా లేదా అని. విన్నాక అందరి చూపూ మణికట్టు మీదికి పోతుంది. అక్కడ కావలి కంకణం పచ్చగా వెలుగుతుంటేనే కాఫీ గొంతు దిగుతుంది.

భూమికి గాలి దుప్పటి ఉంది, చంద్రుడికి లేదు. రేడియేషన్ తగిలితే కణంలోని డీఎన్‌ఏ చెడుతుంది. ప్రతి కణంలోనూ పి-53 అనే కావలి ప్రోటీన్ ఉంటుంది. డీఎన్‌ఏ చెడితే అది కణ విభజనను ఆపి, ముందు బాగుచేసుకోమంటుంది. బాగుపడనంతగా చెడితే, ఇక చాలు, చచ్చిపొమ్మంటుంది. ఆ మాట వినకుండా పెరిగే కణాలే క్యాన్సర్ అవుతాయి. ఆ కావలిని మందుతో మరింత కఠినం చేసేదే కంకణం. ఎంత కఠినంగా ఉండాలో దాని మీద మెట్ల లెక్కన పెట్టుకోవచ్చు. దాన్ని కనిపెట్టింది డాక్టర్ వకుళ.

ఆ వకుళకే ఇప్పుడు కంటి మీద కునుకు లేదు. కూతురు ఇందీవరకు తొమ్మిదేళ్ళు. ఆటలో గీరుకుపోయిన మోకాలు నెల దాటినా మానలేదు. కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు కూడా కనిపించాయి. వకుళ తల్లి క్యాన్సర్‌తో పోయింది. అందుకే ఆమెకు మొదట తట్టింది ఆ పేరే. ఇంటిల్లిపాదీ పాపను తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

రక్తం చూసి పరీక్షిణి అనే వైద్యయంత్రం చెప్పింది. "పాపకు క్యాన్సర్ లేదు, డాక్టర్. ఒక్క గడ్డ కూడా లేదు."

"హమ్మయ్య!" అన్నాడు వకుళ భర్త సుధన్వ. "మరి పుండు మానదేం?"

"కావలి ఏడో మెట్టు మీద ఉంది. కాస్త నలిగిన మంచి కణాలను కూడా చావమంటోంది. కొత్త చర్మాన్ని పుట్టించే మూలకణాలు తరిగిపోతున్నాయి. ఇలాగే సాగితే ఏడాదిలో పాపకు ముసలితనం వస్తుంది."

కంచే చేను మేస్తోందన్నమాట.

"ఏడా? నేను నాలుగు మీద కదా పెట్టింది!" అంది వకుళ.

"ఇంట్లో ముగ్గురు పెద్దలు తలో మెట్టు పెంచారు."

అత్యవసరానికి పనికొస్తుందని ఇంట్లోని ప్రతి పెద్దవారికీ ఒక మెట్టు పెంచే హక్కు ఇచ్చింది వకుళే. ఇళ్ళల్లో తగాదాలు రాకూడదని, ఒకరు పెంచింది మరొకరికి తెలియకుండా పెట్టిందీ ఆమే.

సుధన్వ తల దించుకున్నాడు. "పోయిన తుఫానప్పుడు భయమేసింది. ఒక్క మెట్టేగా అనుకున్నా."

"నేనూనమ్మా," అంది అత్తగారు మంగతాయి. "ఎందుకైనా మంచిదని ఎక్కించా. అన్నమైనా మారు వడ్డించకుండా లేపుతామా ఏంటి పిల్లని?"

"మీరిద్దరూ కలిసి నా పిల్లని చంపేసేవారు!" వకుళ అరిచింది.

"మూడోవారు మీరే, డాక్టర్," అంది పరీక్షిణి.

వకుళ మొహం పాలిపోయింది.

"నాలుగుకు దించితే పుండు మానుతుంది. ఎవరి మెట్టు వాళ్ళే దించాలి," అంది పరీక్షిణి.

మంగతాయి వెంటనే పరీక్షిణి తెర మీద వేలు పెట్టింది. సుధన్వా పెట్టాడు. "అయిదు," అంది పరీక్షిణి. వకుళ చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే గోడలోని మైకు మోగింది. సాయంత్రానికి సౌర తుఫాను, ఎవరూ పైకి వెళ్ళొద్దు.

చాచిన వేలు గాలిలోనే ఆగిపోయింది.

"అమ్మా, మోకాలు మండుతోందే," అంది ఇందీవర.

"దించు తల్లీ, ఇంత చదువుకున్నదానివి," అని బతిమాలింది అత్తగారు.

అయిదో మెట్టు కూడా పాపకు ఎక్కువేనని వకుళకు తెలుసు. లోకంలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"ఈ ఒక్క తుఫాను వెళ్ళనీ," అంది, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"దాని వెనకాలే ఇంకోటి వస్తోంది, డాక్టర్."

"అదీ వెళ్ళనీ," అంది వకుళ, కూతుర్ని దగ్గరికి లాక్కుని.