ముందే చేరుకున్న మనిషి

అక్టోబర్ ట్రిప్‌కి ఏప్రిల్‌లోనే క్యాంపులు బుక్ చేయాలి. బుకింగ్ తెరిచిన ఐదు నిమిషాల్లో అయిపోతాయట. అందుకని ఆ ఉదయం మా ఊరు కాపెల్‌లో, మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. నేను, మా అమ్మాయి త్రివేణి, అల్లుడు మోహన్, పదకొండేళ్ల మనవరాలు నైనిక. ఆర్‌వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, పది రోజులు. ముందు న్యూ మెక్సికో, తర్వాత అరిజోనా, చివర కాలిఫోర్నియా ఎడారి.

"అత్తయ్యా, మీకు దొరికితే పార్టీ మీదే," అన్నాడు మోహన్.

"అమ్మమ్మ పాస్‌వర్డే మర్చిపోతుంది డాడీ," అంది నైనిక.

దొరికింది నాకే. మూడు చోట్లా. 'ఎంతమంది' అన్న గడిలో ఐదు అని కొట్టాను. అది అలవాటు. బియ్యం పోసేటప్పుడు కూడా, ఎవరైనా వస్తారేమోనని, ఒక మనిషికి ఎక్కువే పోస్తాను. ఐదో పేరు అడిగింది. వేళ్లు ఏదో పేరు కొట్టాయి. ఏం పేరో సాయంత్రానికే గుర్తు లేదు.

త్రివేణికి చెప్పలేదు. ఫిబ్రవరిలో రెండుసార్లు స్టవ్ ఆపడం మర్చిపోయాను. మూడోసారి ఏదైనా జరిగితే, మతిమరుపు వాళ్లని చూసుకునే హోమ్‌లో చేర్పించక తప్పదని ఏడుస్తూనే చెప్పింది. ఆ హోమ్ ఒకసారి చూసొచ్చాను. తలుపులకి లోపలివైపు పిడి ఉండదు.

సెప్టెంబర్ ఆఖరి సోమవారం. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉండి, ప్రయాణానికి పొడి కొట్టడానికి నువ్వులు వేయిస్తున్నాను. ఫోన్ మోగింది. కాలిఫోర్నియా క్యాంపు ఆఫీసు నుంచి ఒక ఆడగొంతు.

"మీలో ఐదో మనిషి వచ్చేశారు. మీ క్యాంపు స్థలంలో కూర్చున్నారు."

మా ట్రిప్ అక్టోబర్‌లో అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"తెలుసట. ఎదురుచూస్తారట."

ఆమె వెనక గాలి హోరు. దాని కింద, ఎండిన కొమ్మ ఏదో నేలమీద ఈడుస్తున్న చప్పుడు.

"మనిషి... ఎలా ఉంటారు?" మెల్లగా అడిగాను.

ఆమె లేచి కిటికీ తెరిచిన చప్పుడు.

"ఇప్పుడే చూశాను," అంది చివరికి. "గుర్తు రావడం లేదు."

నువ్వులు మాడిపోయాయి.

బుధవారం అరిజోనా నుంచి ఫోన్. ఈసారి మగగొంతు. మీ మనిషి వచ్చారు, నడిచి వచ్చారు అన్నాడు. బుకింగులన్నీ క్యాన్సిల్ చేయమన్నాను. కీబోర్డు మీద వేళ్ల చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది.

"నలుగురినీ తీసేశాను. ఐదో పేరు పోవడం లేదు."

"ఆ పేరు చదవండి బాబూ."

చదివాడు. విన్నాను. ఫోన్ పెట్టేసరికి గుర్తు లేదు.

శుక్రవారం న్యూ మెక్సికో.

"వచ్చి వెళ్లిపోయారు."

"ఎటు?"

"తూర్పుకి."

అక్కడికి తూర్పున, మా ప్లాన్‌లో మిగిలింది మా ఇల్లే.

ఇక దాచి లాభం లేదు. నన్ను హోమ్‌లో పడేసినా సరే, పిల్లని తీసుకుని వీళ్లు ఎక్కడికైనా వెళ్లిపోవాలి. సాయంత్రం త్రివేణి ఆఫీసు నుంచి రాగానే సోఫాలో కూర్చుని అంతా చెప్పాను. ఐదు అని కొట్టడం దగ్గర్నుంచి.

త్రివేణి మోహన్ వైపు చూసింది.

"అమ్మా... మనం ఐదుగురమే కదా."

"నలుగురం."

"ఐదుగురం అమ్మా." నా చెయ్యి పట్టుకుంది. ఒక పేరు చెప్పింది. ఎంతో ఇష్టంగా, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. చివరి అక్షరం పూర్తయ్యేలోపే నా తలలోంచి జారిపోయింది.

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. మళ్లీ లేదు.

త్రివేణి కళ్లు తుడుచుకుంది. మోహన్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. హోమ్ పేరు, నా వయసు చెబుతుండడం తలుపు సందులోంచి వినిపించింది. వాళ్లని వెళ్లిపొమ్మని ఇంకెలా చెప్పను? నా మాట ఇక ఎవరు వింటారు?

గదిలో ఎండ వాసన. పొద్దు ఎప్పుడో వాలింది. అయినా... కాలిన రాయి వాసన.

నైనిక వచ్చి నా చెవిలో గుసగుసలాడింది.

"అమ్మమ్మా, కొంచెం జరగవా? తన మీద కూర్చున్నావ్."

జరిగాను. సోఫా ఈ చివరి దాకా జరిగాను.

నైనిక తల అడ్డంగా ఊపింది.

"ఇంకా తన మీదే ఉన్నావ్."