ఎడమ భుజం మీది వంకర కుట్టు

తూటా బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ను కాగితంలా చీల్చుకుంటూ పోయింది. రాయబారి కారు తలుపు తీస్తున్న గార్డు నేలకొరిగేలోపే ప్రాణం వదిలాడు.

కాసేపటికి ఆ జాకెట్ ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో బల్లమీద ఉంది. దాని ముందు ఇద్దరే. డిపార్ట్‌మెంటంతా బాబాయ్ అని పిలిచే చీఫ్, ఏజెంట్ గోరింక.

"లేబుల్, హోలోగ్రామ్, సీరియల్ నంబర్ అన్నీ పెద్ద కంపెనీవే. లోపల మాత్రం థర్మాకోల్," అన్నాడు బాబాయ్.

"నాకిచ్చారే నాక్‌ఆఫ్, అలాంటిదేగా?"

"దానికీ దీనికీ పోలికేంట్రా! నీది ఆ కంపెనీదాన్ని చూసి చేసిందే. కానీ లేబుల్ మీద తన పేరే వేసుకుంది. చవకదైనా ఫైరింగ్ టెస్ట్ పాసైంది. ఇది కౌంటర్‌ఫీట్. పరాయివాడి పేరు చెప్పి ఇంట్లో దూరిన దొంగ. దాడి జరిగినా రాయబారి సభ మానుకోలేదు. ఇదే లాట్ ఇప్పుడు ఆ కాన్ఫరెన్స్ హాల్లో గార్డులందరి ఒంటిమీదా ఉంది."

గోరింక చప్పున తలెత్తాడు. అక్కడ రాయబారి ముందు నిలబడేది అతని సొంత తమ్ముడు.

"వెంటనే ఫోన్ చెయ్యండి!"

"హాల్లో జామర్లున్నాయి. ఈ సరుకు లోపలికెలా వచ్చిందో ఈ నకిలీల ముఠాలో మారువేషంలో ఉన్న మన ఏజెంట్ నెమలి కనుక్కుంటోంది."

గోరింక వినడం లేదు. జాకెట్ ఎడమ భుజం మీద, బూడిదరంగు గుడ్డపై వంకరటింకర నల్లదారం కనబడింది. అది అతని కుట్టే. చిరిగిన తన పాత కంపెనీ జాకెట్‌ను తనే కుట్టుకుంటే, "ఇది కుట్టా, జెర్రి పాకిందా?" అని భార్య పడీపడీ నవ్వింది. ఆ జాకెట్‌నే ఒక మిషన్‌కి నెమలికి ఇచ్చాడు. ఏట్లో కొట్టుకుపోయిందని ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే పాపం అనుకున్నాడు.

"ముఠాకి శాంపిల్ నా జాకెట్టే, బాబాయ్! సొంత పేరుతో అమ్మేవాడైతే ఈ కుట్టు వదిలేసేవాడు. అచ్చం అసలుదానిలా ఉండాలి కనక వీళ్లకి ఏదీ వదిలే ధైర్యం లేదు. నా కుట్టుతో సహా దింపేశారు. నెమలి మనల్ని అమ్మేసింది!"

ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో గోరింక హాల్లో అడుగుపెట్టేసరికి చప్పట్లు మోగుతున్నాయి. రాయబారి లేచి నిలబడ్డాడు. ఆయన ముందు తమ్ముడు. తమ్ముడి ఎడమ భుజం మీద అదే జెర్రి.

బాల్కనీలో నెమలి, నల్ల పట్టు గౌనులో, చిరునవ్వుతో. ఆమె చేతిలోని ముత్యాల హ్యాండ్‌బ్యాగ్ మెల్లగా తమ్ముడి గుండె వైపు తిరిగింది. ఒకే తూటాకి ఇద్దరూ పోతారు.

అరిస్తే వినబడదు. గోరింక కెమెరా ఎత్తి ఫ్లాష్ నొక్కుతూ తమ్ముడికి అడ్డంగా దూకాడు. సమ్మెటతో మోదినట్టు దెబ్బ ఛాతీకి తగిలింది. రెండో తూటా, ఫ్లాష్‌కి కళ్లు బైర్లు కమ్మిన నెమలి బ్యాగ్‌లోంచి, గోడకి తగిలింది. వెయిటర్ల వేషంలో ఉన్న బాబాయ్ మనుషులు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఆ చవక జాకెట్‌తో బతికావా!" అంది నెమలి మెట్లు దిగుతూ.

"చవకదే. పేరు మాత్రం సొంతం," అన్నాడు గోరింక మూలుగుతూ.

తమ్ముడు అతన్ని లేపాడు. ఏడుపు ఆపుకోవడానికో ఏమో, చొక్కా చిల్లు చూసి, "ఇదైనా వదిన చేత కుట్టించుకో అన్నయ్యా," అన్నాడు.

"ఆవిడ కుట్టుంటే కుట్టు కనబడేది కాదురా. అప్పుడు నీ గతేమయ్యేది?"