నడవా చివర ఆగిపోయిన కంప్యూటర్

కంప్యూటర్లు బాగుచేసే ఆ షాపు ఒక కాంప్లెక్సులో నేలకింది అంతస్తులో ఉంది. బయట మధ్యాహ్నం మూడే అయినా అక్కడ లైటు వేసుకోవలసిందే. పైన వాన పడుతోంది. మెట్ల మీదుగా దిగిన తడి వాసన, కరిగిన సీసం వాసనతో కలిసి గదంతా పట్టేసింది. చెడిపోయిన పెట్టెకు చెవి ఆనించి రోగమేమిటో చెప్పేస్తాడని చుట్టుపక్కల షాపులవాళ్ళు ఆ షాపు నడిపే ఆయన్ని డాక్టరు అంటారు. అందులో సగం వెటకారమే. ఆయన మాత్రం మిగతా సగమే వింటాడు.

ఈరోజు కేసు మేనకోడలు తెచ్చింది. ఇంకా కట్టని ఇళ్ళలో మనం నడుస్తున్నట్టు, గది తర్వాత గది చూపించే వీడియోలు చేయడం ఆ అమ్మాయి ఉద్యోగం. సాయంత్రం ఐదింటికల్లా వీడియో బిల్డరుకు చేరకపోతే ఆ ఉద్యోగం ఊడినట్టే. తండ్రి పోయాక ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. ఆ సంగతి తెలుసు కాబట్టే డాక్టరుకు కూడా లోపల దడగానే ఉంది.

"వీడియో తయారయ్యేటప్పుడు అంతా బాగానే నడుస్తుంది మామయ్యా. నడవా దాటి చివరి గదిలోకి వెళ్ళగానే కంప్యూటరు టక్కున ఆగిపోతుంది."

"కంగారుపడకు అమ్మలూ. అయితే బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు పోయుండాలి, కాకపోతే దానికి కరెంటిచ్చే పవర్ సప్లై. ఒక్కోటీ మార్చి చూస్తే అదే తేలిపోతుంది."

ముందు పవర్ సప్లై మార్చాడు. వీడియోలో హాలు వచ్చింది, వంటగది వచ్చింది, నడవా వచ్చింది. చివరి గది గుమ్మం దగ్గర... టక్. చీకటి.

సరే, కార్డే అనుకున్నాడు. షాపులో ఉన్న కొత్త కార్డు తీసి పెట్టాడు. హాలు, వంటగది, నడవా... టక్.

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. రెండూ మంచివే. అయినా అదే గుమ్మం దగ్గర మొండికేస్తోంది. గంట నాలుగు కావొస్తోంది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"ఆ గదిలో ఏం పెట్టావే అంత బరువైనది?"

"ఏమీ లేదు మామయ్యా. ఒక కిటికీ, ఒక తలుపు. అంతే."

ఇక అప్పుడు, ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు మాత్రమే చేసే పని చేశాడు. కార్డు తాగే కరెంటును సగానికి తగ్గించాడు. నిదానంగా నడుస్తుంది, కానీ ఆగదు. తట్టుకోలేనిది ఎదురైనప్పుడు తనంతట తాను ఆగిపోయేలాగే ఈ పెట్టెల్ని తయారుచేస్తారని ఆయనకు తెలుసు. తెలిసీ ముందుకు నెట్టాడు.

వీడియో బొమ్మ తర్వాత బొమ్మగా మెల్లగా తయారవుతోంది. ఫ్యాను సన్నగా మూలుగుతోంది. నడవా దాటింది. గుమ్మం దాటింది. అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "వెళ్ళింది మామయ్యా!" అని చప్పట్లు కొట్టింది.

అంతలోనే ఆ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

గది మూల ఎవరో నిలబడి ఉన్నారు. గోడవైపు తిరిగి, తల వంచుకుని.

"ఎవర్ని పెట్టావు అక్కడ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేను... మనుషుల్ని గీయను మామయ్యా. నాకు రాదు."

తర్వాతి బొమ్మ. ఆ భుజం కాస్త ఇటు తిరిగింది. ఇంకో బొమ్మ. ఇంకాస్త... షాపులో కాలిన వెంట్రుకల వాసన లాంటిదేదో మొదలైంది. డాక్టరు కార్డు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మంచుముక్కలా ఉంది.

"ఆపేద్దాం మామయ్యా..."

"ఆపితే మళ్ళీ మొదటికొస్తాం. టైము లేదు." ఆయనకూ ఆపేయాలనే ఉంది. అయినా మేనకోడలి ఉద్యోగం కళ్ళముందు కనిపిస్తోంది. "కార్డు మెమరీలో చెత్త అయి ఉంటుంది. చూడకు. ఇటు తిరుగు."

ఇద్దరూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. వెనక ఫ్యాను మూలుగు... ఆగింది... మళ్ళీ మొదలైంది. ఎంతసేపో. చివరికి పని పూర్తయినట్టు చిన్న గంట మోగింది.

తిరిగి చూస్తే ఆఖరి బొమ్మలో గది ఖాళీగా ఉంది. మూల ఎవరూ లేరు. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది.

"దాన్ని మూసే గీశాను," అంది అమ్మాయి.

"ఆ గది మొత్తం కోసి పారెయ్. నడవాతో వీడియో అయిపోయిందనిపించు."

అరవై బొమ్మలు కోసేసి, కంప్యూటర్లోని చెత్తబుట్టలోంచి కూడా తుడిచేసి, ఐదుకు పది నిమిషాలుందనగా పంపించింది. కాసేపటికి బిల్డరు ఫోను చేశాడు. బాగుందన్నాడు. రేపటి నుంచి ఇంకో ఇల్లు మొదలుపెట్టమన్నాడు. అమ్మాయి ఫోను పెట్టేసి, బల్ల మీద తల వాల్చి భోరున ఏడ్చింది. సంతోషం ఒకటైతే, భయం ఇంకొకటి. డాక్టరుకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అది కనబడకుండా బల్లకు అవతలివైపు కూర్చుని పెట్టె మూతకు మరలు బిగించడం మొదలుపెట్టాడు. ఒక చేత మూత, ఇంకో చేత స్క్రూడ్రైవరు.

"మామయ్యా," అంది అమ్మాయి, బల్ల మీద తల వాల్చుకునే.

"ఊ."

"చెయ్యి తియ్యవా... భుజం లాగేస్తోంది."

డాక్టరు తలెత్తాడు. అమ్మాయి ఎడమ భుజం మీద చొక్కా బట్ట లోపలికి అణిగి ఉంది. నాలుగు వేళ్ళ మేర. ఆ అణిగిన చోటు, మెల్లగా, మెడవైపు జరుగుతోంది.