అయిదో ఓటు కోసం ఒక్క తూటా

“ఈ ఓడరేవుని మూడు తరాలపాటు పరాయివాళ్ళ చేతుల్లో పెట్టేశాక, ఇది మనదేనని పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?”

దేశంలోకెల్లా పెద్ద కోర్టులో, అందరికన్నా పెద్దవాడైన జడ్జి విదేశీ కంపెనీ లాయర్ని అడిగిన ఆఖరి ప్రశ్న అది. ఆ మాట అని, ముందున్న గ్లాసెత్తి ఓ గుక్క నీళ్ళు తాగాడు. కళ్ళజోడు తీసి బల్ల మీదకి ఒరిగిపోయాడు. కునుకు తీస్తున్నాడేమోనని పక్క జడ్జి మోచేత్తో పొడిచాడు కూడా.

గుండెపోటని టీవీలో చెప్పారు.

“కాదు. పాయిజన్,” అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, తన గది తలుపు మూసి.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని శాఖలో అందరూ కొంగ అంటారు. ఎంతసేపైనా కదలకుండా కాచుకుని, చేప కనపడ్డప్పుడే మెడ సాచే రకం. చీఫ్ అతని అక్క మొగుడు. అమ్మానాన్న లేని పిల్లాడికి ఈత నేర్పింది, గడ్డం గీసుకోవడం నేర్పింది, తుపాకీ పట్టడం నేర్పింది ఈ మనిషే. నలుగురిలో ‘సార్’. తలుపు మూస్తే ‘బావా’.

“ఎవరి పని బావా?”

“ఆ కంపెనీ వెనకున్న విదేశీ ముఠాది. మన ఫైళ్ళలో దాని పేరు పగడం. విను. ఓడరేవు లీజు చెల్లదని కింది కోర్టు కొట్టేసింది. పెద్ద కోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు. అయిదుగురు లీజుకి వ్యతిరేకం. పోయినాయన ఆ అయిదోవాడు.”

“ఇప్పుడు నాలుగూ నాలుగూ.”

“అలా ఉండిపోతే కింది కోర్టు తీర్పే ఖాయమవుతుంది. అందుకే ఆ కుర్చీ కోసం ఇంత కొట్లాట. ఎన్నికలయ్యేదాకా ఖాళీగా ఉంచమని ప్రతిపక్షం. అధ్యక్షుడేమో తనకిష్టమైన లాయర్ పేరు ప్రకటించేశాడు. రేపు పెద్దల సభలో ఓటింగ్. ఎటూ తేల్చుకోలేని సభ్యులు కొందరున్నారు, వాళ్ళెటు మొగ్గితే అటే. ఆ లాయర్ కూడా లీజుకి అడ్డమే. అతన్ని సభ మెట్ల మీదే లేపేసి, ఆ చోట తమ మనిషిని పెట్టించుకోవాలని పగడం ప్లాన్.”

బావ సొరుగులోంచి ఓ కెమెరా తీశాడు. పాతదిలా ఉంది. బరువుగా ఉంది.

“ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషం. వాళ్ళ బాంబు రిమోట్ మీద పనిచేస్తుంది. నువ్వు లాయర్ వైపు గురిపెట్టి ఈ మీట నొక్కితే జామ్ అయిపోతుంది. ఇయర్‌ఫోన్‌లో నేను ‘వాన పడుతోంది’ అంటాను. అప్పుడే నొక్కు.”

“గొడుగు తెచ్చుకుంటాను,” అన్నాడు కొంగ. అది ఒప్పుకున్నట్టు కోడ్.

బావ అతని భుజం తట్టాడు. “జాగ్రత్తరా. నీకేమన్నా అయితే మీ అక్క నన్ను బతకనివ్వదు.”

మర్నాడు సభ ముంగిట ప్రెస్ గదిలో ఇసకేస్తే రాలనంత జనం. పెట్టుడు మీసం చెమటకి జారుతోంది. కొంగ కాఫీ మెషీన్ దగ్గర నిలబడితే, మైకు పట్టుకున్న టీవీ యాంకరమ్మ పక్కకొచ్చింది. ఆకుపచ్చ పట్టు కోటు, గది మొత్తం తిరిగి చూసే అందం. శాఖలో ఆమె పేరు నెమలి. ఇటు జీతం తీసుకుంటూ అటు పగడం దగ్గర కూడా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. ఓసారి కొంగని సరిహద్దు దగ్గర పట్టించింది కూడా.

“మీసం వంకరగా ఉంది,” అంది కప్పు నింపుకుంటూ. “ఆ కెమెరా నొక్కకు. నొక్కితే చస్తావు.”

“నీ మాట నమ్మమంటావా?”

“నన్ను నమ్మకు. కెమెరా విప్పి చూసుకో. బాంబూ లేదు, గీంబూ లేదు. ఆ లాయర్ పగడం మనిషే. వాడి మీద హత్యాయత్నం జరిగినట్టు నాటకం ఆడితే, ఊగిసలాడేవాళ్ళు జాలిపడి ఓటేస్తారు. హంతకుడు ఎవరో ఒకడు కావాలి కదా?”

“శాఖ ఏజెంట్ హంతకుడంటే ఎవరు నమ్ముతారు?”

“ప్రతిపక్షం పార్టీ కార్డున్న ఏజెంట్ అయితే నమ్ముతారు. ఆ ఎదురు మేడ మీద తుపాకీతో ఉన్నవాడు మీ చీఫ్ మనిషి.” ఆమె కిటికీలోంచి అటు చూసింది. “అన్నీ తెలిసినదాన్ని కాబట్టి నీ తర్వాత వంతు నాదే. అందుకే చెబుతున్నా, నీ మీద ప్రేమ పొంగి కాదు.”

కొంగకి ఏ పార్టీ కార్డూ లేదు. నడవాలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు.

“ఏరా, తిన్నావా?” అంది అక్క. “అవునూ, నువ్వు ఏదో పార్టీలో చేరావటగా? నాకొక్క మాట చెప్పకూడదా?”

“ఎవరు చెప్పారక్కా?”

“మీ బావే. నీ పాస్‌పోర్ట్ సైజు ఫొటో వెతికించి మరీ పట్టుకెళ్ళారు, కార్డు కోసమని. నాకు ఆ రాజకీయాలు నచ్చవురా. మానెయ్యకూడదూ?”

“మానేస్తానక్కా,” అన్నాడు కొంగ.

బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని కెమెరా విప్పాడు. జామర్ లేదు. లెన్సు వెనక సన్నటి గొట్టం, అందులో ఉత్త మందు కూరిన తూటా. చప్పుడు చేస్తుందంతే, చీమని కూడా చంపదు. చప్పుడు తనది. అసలు తూటా ఎదురు మేడ మీద, తన కోసం. ఈ మొత్తం నాటకంలో నిజంగా చచ్చేవాడు ఒక్కడే.

అద్దంలో చూసుకుంటే తన మొహంలో కోపం కనపడలేదు. బడి వదిలాక ఎవరూ తీసుకెళ్ళడానికి రాని పిల్లాడి మొహంలా ఉంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. పైవాళ్ళకి చెప్పుకుందామంటే, పైన ఉన్నది బావే.

బయట కేకలు. కొంగ కెమెరా మళ్ళీ బిగించి మెట్ల దగ్గరికొచ్చాడు. లాయర్ కారు దిగాడు. ఎడమచేయి కోటు జేబులో పెట్టుకుని, చిరునవ్వుతో మెట్లెక్కుతున్నాడు. పై మెట్టు మీద, సభ్యుల పక్కన బావ నిలబడి ఉన్నాడు. పెదాలు కదిలాయి.

“వాన పడుతోంది,” అంది ఇయర్‌ఫోన్.

కొంగ తన చోట నిలబడలేదు. మీసం పీకి పారేసి, తాడు దాటి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మేడ మీద వాడు గురి మార్చుకునేలోగా బావ భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. ఇప్పుడు ఒకరికి తగలాలంటే ఇద్దరికీ తగలాలి.

“వాన పడుతోందిరా!” బావ పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

“తెలుసు బావా. నువ్వే నొక్కు.”

కెమెరా బావ చేతుల్లో పెట్టి, పైనుంచి తన చేతులు బిగించి, లెన్సు లాయర్ మొహానికి తిప్పాడు. “అందరూ చూస్తున్నారు. ఫొటోయే కదా, నొక్కు!”

బావ వేళ్ళు కొయ్యబారిపోయాయి. కింద లాయర్ కంగారుపడిపోయాడు. తను పడాల్సిన సైగ ఇదేననుకున్నాడో ఏమో, “అమ్మో, చంపేశారు!” అని కెవ్వుమని అరిచి వెనక్కి పడ్డాడు. జేబులో చెయ్యి ఏదో నొక్కింది. తెల్ల చొక్కా మీద ఎర్రగా మరక పాకింది.

ఎవరూ పేల్చలేదు. చప్పుడు కాలేదు. దేశమంతా లైవ్‌లో చూస్తోంది.

ఎటూ తేల్చుకోలేని సభ్యుల్లో ఒకావిడ, పిల్లల డాక్టరు, వంగి ఆ ఎరుపుని వేలితో తాకి చూసింది. “రంగు,” అంది గట్టిగా. “మా ఆస్పత్రిలో పిల్లలు కూడా ఇంతకన్నా బాగా నటిస్తారు.”

నెమలి మైకులో అప్పటికే మొత్తం చెప్పేస్తోంది: మేడ మీద తుపాకీ, గ్లాసులో విషం, దొంగ కార్డు. కావలివాళ్ళు మేడ వైపు పరిగెత్తారు. ఆ గందరగోళంలో ఆమె ఎటు మాయమైందో ఎవరూ చూడలేదు.

సాయంత్రానికల్లా ఓటింగ్‌లో లాయర్ పేరు వీగిపోయింది. ఎన్నికలయ్యేదాకా కుర్చీ ఖాళీ. నాలుగూ నాలుగుతో కింది కోర్టు తీర్పే నిలిచింది. ఓడరేవు మిగిలింది.

బావని వ్యాను ఎక్కిస్తుంటే కొంగ దగ్గరికెళ్ళాడు. “శాఖలో అంతమంది ఉన్నారు కదా బావా. నేనే ఎందుకు?”

“మిగతావాళ్ళయితే కెమెరా విప్పి చూస్తారు. నువ్వు నన్ను అనుమానించవనుకున్నాను.”

ఎన్నో దెబ్బలు తిన్న ఒళ్ళు అది. ఏ దెబ్బా ఇలా తగల్లేదు.

మర్నాడు జైలు ఆఫీసు వరండాలో అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి. కొంగ పక్కన కూర్చున్నాడు. ఆమె జరగలేదు, దగ్గరికీ రాలేదు.

“నువ్వు చచ్చిపోయుంటే నా దగ్గరికొచ్చి ఏడ్చేవాడా ఆయన?” అంది.

“ఏడ్చేవాడక్కా. బాగానే ఏడ్చేవాడు.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎంత చెడ్డా మొగుడు. ఒంటరిగా బోనులో నిలబెట్టలేను. ఎవరన్నా పెద్ద లాయర్ ఉంటే చెప్పు.”

కొంగ లోపలి సెల్‌ల వైపు చూశాడు.

“ఒకాయన ఉన్నాడు. దేశంలో అంత పెద్ద లాయర్ లేడని అధ్యక్షుడే సర్టిఫికెట్ ఇచ్చాడు. ఫీజు కూడా అడగడు. కాకపోతే, పక్క సెల్‌లోంచి వాదించాలి.”